లోపం డిస్కుదా, విద్యుత్తుదా?

గల్ఫ్‌లో ఉన్నవారి ఫోటోలు, ఇంటి పత్రాలు, పెద్దల గొంతులు... కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల కుటుంబాలకు ఇవి అమూల్యమైన అమానతులు. వీటిని రెండు డిస్కుల నెట్‌వర్క్‌ స్టోరేజి పెట్టెలో దాచుకునేవారు, 'డిస్కు విఫలమైంది' అన్న హెచ్చరిక కనబడగానే కంగారుపడి కొత్త డిస్కు కొనరాదని మా మనవి.

ఇటువంటి చిన్న పెట్టెలు చాలావరకు 12 వోల్టుల అడాప్టరుతో పనిచేస్తాయి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో సుమారు 2 ఆంపియర్ల విద్యుత్తు లాగుతుంది. పాతబడిన అడాప్టరు ఆ భారం మోయలేకపోతే వోల్టేజి పడిపోయి, మంచి డిస్కు కూడా మొరాయిస్తుంది.

రెండు డిస్కులూ ఒకేసారి మాయమైనా, పెట్టె తనంతట తానే ఆరి వెలుగుతున్నా ముందుగా అడాప్టరునే అనుమానించాలి. అదే వోల్టేజి, అదే ధ్రువత, తగినన్ని ఆంపియర్లు గల మరో అడాప్టరుతో పరీక్షించాలి. 'స్మార్ట్‌' నివేదికలో సీఆర్‌సీ లోపాలు పెరుగుతుంటే సాధారణంగా కేబులు, కనెక్టరు కారణం. పెండింగ్‌ సెక్టార్లు పెరుగుతుంటే డిస్కే కారణం. విద్యుత్తు సరిచేయకుండా 'రీబిల్డ్‌' ప్రారంభిస్తే మిగిలిన డిస్కు కూడా మధ్యలో ఆగి, సర్వం పోవచ్చు.

ఒకే పెట్టెలోని రెండు డిస్కులు రెండు రక్షణలు కావు. 2025 ఆగస్టు చివరి వానలకు కామారెడ్డిలో ఇళ్ళలోకే వరద వచ్చింది. కామారెడ్డిలో ఉన్నవారు మరో ప్రతిని ఎల్లారెడ్డిలోని బంధువుల ఇంట ఉంచడం మేలు.