రాజీనామా చేసినా వదల్లేదు!

1874 ఆగస్టు. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, కుషాటా అనే చిన్న ఊరు. తుపాకులు పట్టుకున్న గుంపు అక్కడి అధికారులను బంధించి ఒక బేరం పెట్టింది. పదవులకు రాజీనామా చేయండి, రాష్ట్రం వదిలి వెళ్లిపోండి, ప్రాణాలతో వదిలేస్తాం అని.

వాళ్లు ఒప్పుకున్నారు. కాపలా మధ్య గుర్రాలెక్కి బయల్దేరారు. దారిలో ఇంకో గుంపు వెంటపడింది. ఆరుగురినీ చంపేసింది.

ఇంతకీ వీళ్లంత పెద్ద నాయకులా? కానే కాదు. పన్నులు వసూలు చేసే అధికారి, షెరీఫ్, చిన్న మేజిస్ట్రేట్... మన దగ్గరైతే ఎమ్మార్వో, ఎస్సై లాంటివాళ్లు అనుకోండి. మరి వీళ్ల మీద అంత పగ ఎందుకు?

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయింది. 1870లో నల్లజాతి పురుషులకు ఓటు హక్కు వచ్చింది. 1877 దాకా నడిచిన ఈ దశనే ‘రీకన్‌స్ట్రక్షన్’ అంటారు. చట్టం వాషింగ్టన్‌లో రాశారు, సరే. కానీ ఊళ్లో ఓటరు పేరు ఎక్కించేదెవరు? కొట్టినవాణ్ని అరెస్టు చేసేదెవరు? చట్టం కోడ్ అయితే, దాన్ని రన్ చేసే మెషిన్లు ఈ చిన్న అధికారులే. కోడ్ మార్చడం చేతకానివాళ్లు మెషిన్లనే పగలగొట్టారు.

కుషాటాలో ఈ వ్యవస్థను నడిపింది మార్షల్ ట్విచెల్. ఉత్తరాదిలోని వెర్మాంట్ నుంచి వచ్చిన మాజీ సైనికాధికారి, రాష్ట్ర సెనేటర్. నల్లజాతి పిల్లలకు బడులు పెట్టించాడు. తన బంధువులకు పదవులూ ఇప్పించాడు. పన్నుల భారం, బయటివాళ్ల పెత్తనం అన్న కోపం తెల్లవాళ్లలో ఉండనే ఉంది. దాన్ని ‘వైట్ లీగ్’ అనే సాయుధ సంస్థ వాడుకుంది. చనిపోయిన ఆరుగురిలో ట్విచెల్ తమ్ముడు, ఇద్దరు బావమరుదులు ఉన్నారు. ఆ రోజుల్లోనే నల్లజాతివాళ్లనూ చంపారు. వాళ్లెంతమందో కచ్చితమైన లెక్క కూడా లేదు.

ఆ సమయంలో ట్విచెల్ న్యూ ఓర్లీన్స్‌లో ఉండటంతో బతికాడు. అయినా కుషాటాకు మళ్లీ వెళ్లాడు. 1876 మేలో పడవలో రెడ్ రివర్ దాటుతుంటే ఒడ్డు నుంచి ఒకడు కాల్పులు జరిపాడు. పక్కనున్న మరో బావమరిది చనిపోయాడు. ట్విచెల్ నీళ్లలోకి దూకి పడవ అంచు పట్టుకున్నాడు. తూటాలు చేతుల్లోకి దిగాయి. డాక్టర్లు రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది.

కుషాటా హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. 1877లో దక్షిణాదిలోని ప్రభుత్వాలకు ఫెడరల్ సైన్యం అండ కూడా పోయింది. తర్వాత దశాబ్దాలపాటు నల్లజాతివాళ్ల ఓటు హక్కు కాగితానికే పరిమితమైంది. దేశ రాజ్యాంగంలో ఆ హక్కు మాత్రం అక్షరం మారకుండా అలాగే ఉంది. దాన్ని అమలు చేసే కుర్చీల్లో మనుషులు మారారు.