హిచ్‌కాక్ కీర్తి – విమర్శకుల తీర్పులు మారిన విధము

సినిమాను గూర్చి మాటలాడునపుడు మనము సామాన్యముగ నటుల పేర్లు చెప్పుదుము. ఆ బొమ్మను తీసినవాడెవడో అంతగ విచారింపము. దానికి కారణము లేకపోలేదు. తెరమీద కనబడువాడు నటుడు, దర్శకుడు కనబడడు. వీధినాటకమునందు సూత్రధారుడైన నడుమనడుమ రంగము మీదికి వచ్చి రెండు మాటలు చెప్పిపోవును. సినిమా దర్శకునకు సాధారణముగ ఆ అవకాశము కూడ లేదు. పాత్రధారి ఎచ్చట నిలువవలెను, కెమెరా ఎంత దూరమునుండి చూడవలెను, ఏ దృశ్యము వెనుక ఏ దృశ్యము రావలెను అని నిర్ణయించుట ఆతని పని. తెరవెనుక నుండు అట్టి పనివానికి గొప్పవాడను పేరు ఎట్లు వచ్చును? వచ్చిన పేరు స్థిరముగ నిలుచునా? ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ అను ఆంగ్లేయ దర్శకుని విషయము తీసికొని ఈ ప్రశ్నలను విచారింపవలెనని నా ఉద్దేశము.

ఈయన 1899 వ సంవత్సరమున లండను నగర ప్రాంతమగు లేటన్‌స్టోనులో ఒక కూరగాయల వర్తకుని యింట జన్మించెను. మూగచిత్రముల కాలమున, సంభాషణలకు మారుగ తెరపై చూపెడి అక్షరముల పలకలను తయారుచేయు ఉద్యోగముతో సినిమాలో ప్రవేశించి, కొలది యేండ్లలోనే దర్శకుడయ్యెను. 1939 లో అమెరికాకు పోయి అచ్చటనే స్థిరపడి 1980 లో మరణించెను. ఏబదికి పైగా చిత్రములు తీసెను. హత్య, అనుమానము, నేరము చేయనివానిపై నింద పడుట, వానిని పోలీసులు తరుముట – ఆయన కథలు చాలవరకిట్టివే. జనులు విరగబడి చూచిరి. అయినను ఉత్తమ దర్శకునకిచ్చు ఆస్కారు బహుమానమునకు ఆయన పేరు ఐదుమారులు పరిశీలనకు వచ్చి ఐదుమారులును తప్పిపోయెను. 1940 నాటి ‘రెబెక్కా’ ఉత్తమ చిత్రమనిపించుకొన్నప్పుడు సయితము ఆ బహుమానము నిర్మాతకు పోయెను.

విమర్శకులు ఆయనను నేర్పుగల పనివాడనిరి. అంతకు మించి అనుటకు చాలమంది ఇష్టపడలేదు. దీనికి ఆయన కూడ కొంత కారకుడే. తన చిత్రములలో ఎక్కడనో ఒకచోట, బస్సు తప్పిపోయిన బాటసారివలెనో మరొక విధముగనో, ఒక్క క్షణము తానే కనబడి పోవుట ఆయనకు వేడుక. 1955 నుండి టెలివిజనులో తన పేరుమీదనే ఒక కార్యక్రమము నడపుచు, ఆ లావైన దేహముతో నవ్వు మొగమున లేకుండ హాస్యములాడుచుండెను. తోలుబొమ్మలాటలో కేతిగాని మాటలకు ఊరంతయు నవ్వును గాని వానిని పండితుడని ఎవరును పిలువరు గదా! అమెరికాలో హిచ్‌కాక్ స్థితి ఇంచుమించు అట్టిదే.

తీర్పు మొదట మారినది ఆయన పుట్టిన దేశమునను గాదు, స్థిరపడిన దేశమునను గాదు; ఫ్రాన్సులో. 1940 నుండి 1944 వరకు ఆ దేశము జర్మనుల వశమున నున్నందున అమెరికా చిత్రములు అచ్చటికి రాలేదు. యుద్ధానంతరమున అవి ఒక్కుమ్మడిగ వచ్చి పడెను. ఒకే దర్శకుని చిత్రములను వెంటవెంటనే చూడగలిగిన యువకులు, కథలు వేరైనను వాని వెనుకనున్న చేయి ఒక్కటేయని కనిపెట్టిరి. ‘కాయే ద్యు సినిమా’ అను పత్రిక 1954 అక్టోబరు సంచికను హిచ్‌కాక్‌కు ప్రత్యేకించినది. 1957 లో ఎరిక్ రోమెర్, క్లోడ్ షబ్రోల్ అనువారలు ఆయనపై ఒక గ్రంథమునే వ్రాసిరి. ఆ పత్రికకు పెద్దదిక్కైన ఆంద్రే బజాఁ మాత్రము ఈ ఉత్సాహమునకు పూర్తిగ లొంగలేదు. గురువునకు లేని నమ్మకము శిష్యులకుండెనన్నమాట.

ఈ యువకులు ఆ హత్యకథలలో ఏమి చూచిరి? 1951 లో వచ్చిన ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్’ అను చిత్రమును ఉదాహరింతును. రైలులో ఇద్దరపరిచితులు కలిసికొందురు. ఒకనికి భార్యతో పొసగదు. ఆమె విడాకులకు అడ్డుపడుచున్నది. రెండవవానికి తండ్రియన్న ద్వేషము. నీ భార్యను నేను చంపుదును, నా తండ్రిని నీవు చంపుము, మన కెవరికిని సంబంధము తెలియదు అని రెండవవాడు ప్రతిపాదించును. మొదటివాడది పరిహాసమనుకొని దిగిపోవును. రెండవవాడు నిజముగనే ఆమెను చంపి, నీ వంతు కానిమ్మని వచ్చి కూర్చుండును. చంపినవాడొకడు, ఆ చావువలన విడుదల పొందినవాడు, మనస్సులో దానిని కోరినవాడు వేరొకడు. పాపమెవనిది? కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు అని మన పెద్దలు పాపమునకు నలుగురు భాగస్వాములను లెక్కించుట మీ రెరిగినదే. ఈ ప్రశ్ననే ఫ్రెంచి యువకులు హిచ్‌కాక్ చిత్రములలో మరల మరల చూచి, ఇది వట్టి కాలక్షేపము కాదనిరి. నా మట్టుకు వారి వాదమున కొంత అతిశయోక్తి కనబడుచున్నది గాని, ఆ ప్రశ్న ఆ చిత్రములలో ఉన్నమాట నిజము.

1962 లో ఫ్రాంస్వా త్రుఫో అను దర్శకుడు అమెరికాకు పోయి, హిచ్‌కాక్‌ను ఒక్కొక్క చిత్రమును గూర్చియు వరుసగ ప్రశ్నించి, ఆ సంభాషణను 1966 లో గ్రంథముగ ప్రకటించెను. 1965 లో ఇంగ్లండునందు రాబిన్ వుడ్ రచించిన గ్రంథము వెలువడినది. ఇంగ్లీషు చదువరులకు ఈ రెండును క్రొత్త కన్నులిచ్చెను.

ఇక ‘వర్టిగో’. ఎత్తైన చోట్ల తల తిరుగు వ్యాధిగల ఒక మాజీ పోలీసు అధికారి, మిత్రుని కోరికపై అతని భార్య వెంట తిరిగి, ఆమెను ప్రేమించును. ఆమె గోపురముపైనుండి పడి చనిపోయినట్లు ఆతడు నమ్మును. కొంతకాలమునకు అదే పోలికగల మరియొక స్త్రీ తారసపడగ, ఆమె దుస్తులు, జుట్టు, నడక అన్నియు మార్పించి చనిపోయినదానివలె చేయుటకు పూనుకొనును. వాస్తవమేమనగా ఇద్దరును ఒక్కతెయే. నిజమైన భార్య హత్యను కప్పిపుచ్చుటకు నటించిన స్త్రీ ఆమె. ఈ రహస్యమును హిచ్‌కాక్ కథ ముగియుటకు చాల ముందే ప్రేక్షకులకు చెప్పివేసెను.

1958 లో విడుదలైనపుడు, నిడివి ఎక్కువ, నడక మందము, కథ నమ్మదగినది కాదు, గుట్టు ముందే విప్పుట తెలివితక్కువ అని పలువురు విమర్శించిరి. వారిని మూఢులనుట న్యాయము కాదు. అపరాధ పరిశోధన కథగ చూచినచో ఆ లోపములన్నియు నేటికిని ఉన్నవి. తరువాతివారు దానిని వేరు కథగ చూచిరి – లేని స్త్రీకొరకు ఉన్న స్త్రీని చెరుపుకొను పురుషుని కథగ. అట్లు చూచినపుడు గుట్టు ముందే విప్పుట అవసరమని తోచును. ఏలయన అప్పటినుండి మనము ఆతని కంటితో మాత్రమేగాక, నలుగుచున్న ఆమె కంటితోను చూడసాగుదుము.

ఇందు మరియొక విచిత్రము. ‘వర్టిగో’తో కలిపి ఐదు చిత్రముల హక్కులు హిచ్‌కాక్ చేతనే యుండి, చాల యేండ్లు అవి ప్రదర్శనకు రాకుండెను. ఆయన మరణించిన పిమ్మట 1983, 1984 సంవత్సరములలో మరల వెలుగు చూచెను. లండనులోని ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుండి పదేండ్ల కొకమారు విమర్శకుల మతములు సేకరించి ఉత్తమ చిత్రముల పట్టిక ప్రకటించుచున్నది. 1962, 1972 పట్టికలలో మొదటి పదింటిలో ‘వర్టిగో’ లేదు. 1982 లో 7 వ స్థానము, 1992 లో 4, 2002 లో 2. 2012 లో 846 మంది పాల్గొనగ 191 మతములతో మొదటిదై, 50 ఏండ్లుగ ఆ పీఠమున నున్న ‘సిటిజన్ కేన్’ను దింపినది. ఎడ్ల పందెములలోవలె కళలకు ఒకటి, రెండు అని అంకెలు వేయుట నాకు రుచింపదు. కాని అభిప్రాయము నడచిన దారిని చూపుటకు ఈ అంకెలు పనికివచ్చును. 2022 లో 1,600 మందికి పైగా పాల్గొన్నప్పుడు షాంటాల్ అకెర్మాన్ అను స్త్రీ తీసిన ‘జాన్ దీల్మాన్’ అగ్రస్థానము పొందెను, ‘వర్టిగో’ రెండవదయ్యెను.

తీర్పు పైకే పోయెనని తలపరాదు. 1975 లో లారా మల్వీ అను విదుషి, ఈ చిత్రములలో చూచువాడు పురుషుడు, చూడబడునది స్త్రీ, ప్రేక్షకుడు ఎవని కన్నులతో ఆనందించుచున్నాడని అడిగెను. 1988 లో టానియా మొడ్లెస్కీ, హిచ్‌కాక్ స్త్రీల బాధను దాచక చూపెను గావున విషయమంత సులువు కాదని బదులు వ్రాసెను. రాబిన్ వుడ్ 1989 లో తన పాత గ్రంథమునే తిరుగవ్రాసి, తన పూర్వాభిప్రాయములను తానే ప్రశ్నించుకొనెను. పండితులలో ఇది అరుదు.

దీనికంటె కఠినమైన మాట ఒకటి కలదు. ‘బర్డ్స్’, ‘మార్నీ’ చిత్రముల నాయిక టిప్పీ హెడ్రెన్ 2016 లో వెలువడిన తన స్వీయచరిత్రలో, దర్శకుడు తనపట్ల అసభ్యముగను బలాత్కారముగను ప్రవర్తించెనని వ్రాసెను. అప్పటికి ఆయన గతించి 36 ఏండ్లు. బదులు చెప్పువాడు లేడు. ఆయనను గౌరవముతో స్మరించిన నటీమణులును కలరు. ఒకరికి జరిగినది మరొకరికి జరుగలేదన్నంత మాత్రమున మొదటి మాట అబద్ధము కాదు. ఆ మాట విన్న పిమ్మట ‘మార్నీ’ని మునుపటివలె చూచుట నాకు సాధ్యము కాకున్నది. చూచుట మానుటయు సాధ్యము కాకున్నది. ఆ చిత్రమున ఆమె నటన ఆమె సొత్తు. ఆయన దోషము కొరకు ఆమె పనిని చీకటిలో పెట్టుట ఆమెకు రెండవ అన్యాయమగునని నా భయము.

హిచ్‌కాక్ తీసిన మూగచిత్రములలో నేటికి నిలిచినవి తొమ్మిది. వానిని 2012 లో లండనునందు శుభ్రపరచి మరల ప్రదర్శించిరి. పదవదగు ‘ది మౌంటెన్ ఈగిల్’ 1926 నాటిది; దాని ప్రతి ఒక్కటియు దొరకలేదు, కొన్ని ఛాయాచిత్రములు మాత్రము మిగిలినవి. అది చాల చెడ్డ బొమ్మయని త్రుఫోతో హిచ్‌కాకే చెప్పెను. ఆ ఒక్క చిత్రమును గూర్చి మాత్రము ఆయన తీర్పే ఇంతవరకు చివరి తీర్పుగ నిలిచియున్నది.