తెల్ల రంగే కదా అనుకున్నా.. చుక్కలు కనిపించాయి!

నాన్న అంబాసిడర్ 1990 మోడల్. తెల్ల రంగు. నాన్న ఊరికెళ్లిన రోజు సరదాగా బయటికి తీద్దామని రివర్స్ వేశా. గేటు కొక్కెం ముందు మడ్‌గార్డ్‌ని బర్రున గీకేసింది. జానెడు గీత! నాన్న వచ్చేది నాలుగు రోజుల్లో.

‘తెల్ల రంగే కదా, ఏముంది?’ అనుకుని చిన్న డబ్బా తెల్ల పెయింటు కొన్నా. బ్రష్‌తో రాశా. ఆరాక చూస్తే.. పాత గోడకి కొత్త సున్నం పూసినట్టు గీత ఇంకా మెరుస్తోంది. ముందు దగ్గరికొచ్చి చూస్తేనే కనిపించేది. ఇప్పుడు వీధి చివరి నుంచే కనిపిస్తోంది!

రంగుల ఊళ్లో రంగు దొరకదా?

మాది రామచంద్రాపురం. ఇక్కడి నుంచి సంగారెడ్డి దాకా హైవే పొడుగునా ఫ్యాక్టరీలే. పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్ ప్లాంటు 1980ల నుంచే ఉంది. జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యేవి. ఇప్పుడక్కడ మహీంద్రా ప్లాంటు నడుస్తోంది. ఇన్ని రంగులు, ఇన్ని బండ్లు పుట్టే చోట నా జానెడు గీతకి రంగు దొరకదా?

పటాన్‌చెరులో డెంటింగ్, పెయింటింగ్ చేసే ఓ షెడ్డుకి బండి తీసుకెళ్లా. పెద్దాయన బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి నవ్వాడు.

“కంపెనీ షేడ్ పేరు చెప్తే అదే డబ్బా తెస్తా అన్నా” అన్నా నేను.

“తెస్తవ్ తమ్మీ. కానీ బండి ముప్పై ఏండ్లు ఎండల నిలవడ్డది. డబ్బా నిలవడలే కదా!”

అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

తెలుపులో ఎన్ని తెలుపులో

కార్ల తెలుపు ఒట్టి తెలుపు కాదు. టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడికి కొంచెం నలుపో, పసుపో, నీలమో కలుపుతారు. ఒక్కో షేడ్‌కి ఒక్కో పాళ్లు. పైగా పాత ఎనామిల్ రంగు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. ఎండకి పైపొర సుద్దలా పొడిబారుతుంది. అందుకే ఒకే బండిలో బానెట్ ఒక తెలుపు, డిక్కీ లోపల ఇంకో తెలుపు!

పెద్దాయన ముందు నేను పూసిన పెయింటు తుడిచేశాడు. తర్వాత గీత పక్కన కాస్త మేర కాంపౌండ్‌తో రుద్దాడు. సుద్ద పోయి అసలు రంగు బయటపడింది. కలపాల్సింది దానికే. మురికి మీద షేడ్ పడితే, బండి పాలిష్ చేయించిన రోజు మచ్చ బయటపడుతుంది.

ఆ తర్వాత గుడ్డకి కాస్త థిన్నర్ అద్ది, కనపడని మూల రుద్దాడు. పాత పెయింటు ఏ రకమో తెలుసుకోవడానికి. ఎనామిల్ మీద ఘాటు థిన్నర్ పెయింటు పడితే కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. గీతతో పోయేది ప్యానెల్ దాకా వస్తుంది.

చుక్క చుక్కగా..

ఇప్పుడు రంగుని చదివే మిషన్లు వచ్చాయి. ప్యానెల్‌కి ఆనిస్తే ఏది ఎంత కలపాలో చెప్పేస్తాయి. అయినా ఆఖరి మాట కంటిదే. తెలుపులో పసుపు ఒక్క చుక్క, నలుపు పుల్ల మొనతో ముంచినంత. ఎక్కువైతే వెనక్కి తీయలేం. కలిపాక అట్టముక్క మీద గన్‌తో కొట్టి, ఆరనిచ్చి, బండి పక్కన పెట్టి చూడాలి. తడి మీద కనిపించే రంగు ఆరాక ఉండదు. బ్రష్‌తో రాసింది, గన్‌తో కొట్టింది కూడా ఒకేలా కనపడవు. మెటాలిక్ రంగులైతే మరీను.

మూడో అట్టముక్కకి కుదిరింది. వాటర్ పేపర్, ప్రైమర్, పల్చటి కోట్లు, చివర్లో కాంపౌండ్. రెండు రోజుల పని.

ఒక జాగ్రత్త: హార్డ్‌నర్ కలిపే పీయూ పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకి ప్రమాదం. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే ఆగవు. ఇంట్లో స్ప్రే ప్రయోగాలు వద్దు.

మొత్తం వేయించేస్తే పోలా?

అదే అడిగా. “నాకు అదే అల్కగ. కానీ కంపెనీల వడ్డ రంగు మళ్ల రాదు తమ్మీ” అన్నాడు. నిజమే. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి నిజాం రోల్స్ రాయిస్ చూశారా? అది పసుపు రంగు. ఆసఫ్‌జాహీల జెండా రంగు. అదే బండికి వేరే రంగు వేస్తే సగం కథ చెరిగిపోయినట్టే కదా! 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పుల్లేకుండా ఉన్న బండ్లని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. మా బండికి 2040లో యాభై నిండుతాయి. అప్పటిదాకా కాపాడుకోవాలి.

నాన్న వచ్చారు. మధ్యాహ్నం ఎండలో బండి తుడిచారు. ఏమీ అనలేదు. హమ్మయ్య అనుకున్నా. రాత్రి షెడ్డులో ట్యూబ్‌లైట్ వేసి, మడ్‌గార్డ్ మీద వేలు పెట్టి “ఇదేందిరా?” అన్నారు.

ఎండలో కలిసిపోయిన రెండు రంగులు ట్యూబ్‌లైట్ కింద విడిపోయాయి! కలిపిన పొడులు వేరైతే అంతే. ఒక వెలుతురులో ఒకటిగా కనిపించినవి ఇంకో వెలుతురులో వేరుగా కనిపిస్తాయి. అట్టముక్కని ఎండలో, నీడలో చూశాం గానీ లైటు కింద చూడలేదు. మీరు మాత్రం మర్చిపోకండి.

జరిగిందంతా చెప్పేశా. నాన్న కాసేపు చూసి లైటు ఆర్పేశారు.

“పగలు కనబడదు గదా. పగలే తిరుగుదాం తీయ్.”