బలమును పొదుపును

బలము కలవానికి ఆకలియు మెండుగా నుండునని లోకులు తలచుచుందురు. పెద్ద బండిని లాగు ఎద్దులకు మేత యెక్కువ కావలెను. దినమంతయు బరువులు మోయు కూలివానికి అన్న మెక్కువ కావలెను. యంత్రముల విషయమున గూడ చాలకాలము ఈ మాటయే చెల్లినది. అయితే విద్యుచ్ఛక్తితో నడచు మహాబలమైన కారులు వచ్చిన పిమ్మట ఈ నమ్మకమును మరల పరీక్షింప వలసి వచ్చినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ‘మజిల్ కారు’ అను నొక జాతి కారులు కలవు. కండలు తిరిగిన కారు అని ఆ పేరున కర్థము. నడిమి పరిమాణము గల కారులో మిక్కిలి పెద్ద ఇంజను నమర్చుట దీనియందలి విశేషము. 1964లో వెలువడిన పాంటియాక్ జీ.టీ.ఓ. ఈ జాతికి దారి చూపిన వానిలో ముఖ్యమైనది. ఆ కాలమున అచట పెట్రోలు చౌక. కావున ఎంత త్రాగుచున్నదని అడిగినవారు తక్కువ. 1973లో చమురు కరవు సంభవించి ధరలు పెరిగినప్పుడు ఆ ప్రశ్న ప్రతివారి నోటను వినవచ్చినది. మజిల్ కారుల ప్రాభవము తగ్గినది.

కాలక్రమమున అవి మరల తలయెత్తినవి. డాడ్జ్ సంస్థవారి ఛాలెంజర్ హెల్‌క్యాట్ అను కారు 2015 మోడలుగా 707 అశ్వశక్తుల బలముతో వెలువడినది. అమెరికా ప్రభుత్వపు లెక్క ననుసరించి అది ఒక గ్యాలను పెట్రోలుతో సగటున 16 మైళ్లు నడచును. మన లెక్కలో చెప్పవలెనన్న నూరు కిలోమీటర్లకు 14.7 లీటర్లు. ఆ కారుల తయారీ 2023తో ముగిసినది. అదే సంస్థ 2024లో ఛార్జర్ డేటోనా అను విద్యుత్ కారును ప్రకటించినది. అందులో స్కాట్ ప్యాక్ అను తరగతి బలము 670 అశ్వశక్తులు. నిలిచియున్న స్థితి నుండి గంటకు 96 కిలోమీటర్ల వేగము నందుకొనుటకు దానికి 3.3 సెకండ్లు చాలును. బలమున రెండును ఇంచుమించు సమానమే. ఇక వీని ఆకలిని పోల్చి చూతము.

పెట్రోలును లీటర్లతోను, విద్యుత్తును యూనిట్లతోను కొలుతురు. కొలత ఒక్కటి కానిదే పోలిక కుదరదు. వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసినచో ఖర్చగు శక్తి ఒక యూనిట్టు. మన యిండ్లకు వచ్చు విద్యుత్ బిల్లులో కనబడు యూనిట్టు ఇదియే. ఒక లీటరు పెట్రోలులో సుమారు 8.9 యూనిట్ల శక్తి దాగియున్నది. కావున హెల్‌క్యాట్ కారు నూరు కిలోమీటర్లకు సుమారు 131 యూనిట్ల శక్తిని మ్రింగుచున్నది. డేటోనా కారులోని బ్యాటరీ సుమారు 100 యూనిట్లను నిలువచేయును. దానితో ఆ కారు 388 కిలోమీటర్లు నడచునని నిర్ణయింపబడినది. అనగా నూరు కిలోమీటర్లకు 26 యూనిట్లు. బ్యాటరీని నింపునప్పుడు వేడిరూపమున కొంత నష్టమగును. దానిని గూడ కలిపి 29 యూనిట్లు అనుకొందము. అయినను అది పెట్రోలు కారు వాడుకొను శక్తిలో నాలుగవ వంతునకు లోపే!

ఇంత భేదమున కేమి కారణము? పెట్రోలు ఇంజను ముందుగా నిప్పును పుట్టించి, ఆ వేడినుండి చలనమును రాబట్టవలెను. వేడిలో పెద్ద భాగము పొగగొట్టము ద్వారమునను, రేడియేటరు ద్వారమునను గాలిలో కలిసిపోవును. చక్రములకు చేరునది నాలుగవ వంతు మాత్రమే. ఒక్కొక్కప్పుడు అంతకన్నను తక్కువ. విద్యుత్ మోటారులో మంట లేదు. దానికి అందిన శక్తిలో నూటికి తొంబది పాళ్ల వరకును చలనముగా మారును. అంతియేకాదు, వేగము తగ్గించునప్పుడు అదే మోటారు జనరేటరువలె పనిచేసి, బండి చలనశక్తిలో కొంత భాగమును బ్యాటరీకి తిరిగి చేర్చును. పెట్రోలు కారులో ఆ శక్తి యంతయు బ్రేకులను వేడెక్కించి వ్యర్థమగును.

అయితే న్యాయముగా ఆలోచించువారు ఇంకొక ప్రశ్న వేయవలెను: ఆ విద్యుత్తు ఎచటినుండి వచ్చుచున్నది? బొగ్గును కాల్చు విద్యుత్కేంద్రములో గూడ వేడి నష్టము తప్పదు. బొగ్గులోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే విద్యుత్తుగా మారును. అట్లు చూచినచో 29 యూనిట్లకు సుమారు 88 యూనిట్ల శక్తి గల బొగ్గు కావలెను. అది 131 కంటె తక్కువయే గాని మునుపటి భేదము మిగులలేదు. జలపాతమునుండియో, గాలినుండియో, సూర్యరశ్మినుండియో విద్యుత్తు లభించినచో మాత్రము లాభము పూర్తిగా దక్కును.

ఇక ఖర్చు విషయము. శక్తి తక్కువ పట్టినంత మాత్రమున ధనము గూడ తక్కువ పట్టునని చెప్పరాదు. ఉదాహరణకు, అమెరికాలో ఇంటి విద్యుత్తు యూనిట్టు 16 సెంట్లు, మేలురకము పెట్రోలు గ్యాలను 4 డాలర్లు అనుకొందము. నూరు కిలోమీటర్లకు పెట్రోలు కారునకు పదునైదున్నర డాలర్లును, ఇంటివద్ద నింపుకొన్న విద్యుత్ కారునకు నాలుగున్నర డాలర్లకు కొంచెము పైగాను అగును. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరుగువానికి రెండువేల డాలర్లకు పైగా మిగులును. కాని అదే కారును దారిప్రక్కనున్న శీఘ్ర విద్యుత్ కేంద్రమున, యూనిట్టు 50 సెంట్ల చొప్పున నింపినచో పదునాలుగున్నర డాలర్లగును. అప్పుడు రెండు కారుల ఖర్చును దాదాపు సమానమే. కారు మారలేదు; నింపిన చోటు మారినది. ఇంటివద్ద నింపుకొను వసతి లేనివానికి ఈ పొదుపు అందని పండు.

బరువు మరియొక చిక్కు. పెద్ద బ్యాటరీవలన డేటోనా కారు 2,600 కిలోలకు పైగా తూగును. హెల్‌క్యాట్ కంటె సుమారు 600 కిలోలు ఎక్కువ. విద్యుత్ కారునకు ఇంజను నూనె మార్చు పని లేదు. బ్రేకులు నిదానముగా అరుగును. కాని బరువువలనను, ఒక్కసారిగా దూకు వేగమువలనను టైర్లు త్వరగా అరుగును. తేలికయైన సామాన్య విద్యుత్ కారులు నూరు కిలోమీటర్లకు 15, 16 యూనిట్లతో తృప్తిపడుచుండగా, ఈ బలశాలికి అంతకంటె చాల ఎక్కువ కావలసి వచ్చినది. బలమునకు వెల ఇప్పటికిని పూర్తిగా తొలగలేదు.

వేగమునకు గూడ వెల కలదు. వేగము రెట్టింపైనచో గాలి యెదురు నాలుగు రెట్లగును. 1969నాటి మొదటి డేటోనా కారునకు వాడియైన ముక్కును, వెనుక ఎత్తైన రెక్కను అమర్చినది గాలిని జయించుటకే. 1970 మార్చి 24వ తేదీన బడ్డీ బేకర్ అట్టి కారును టల్లడేగా పందెపు బాటలో గంటకు 200 మైళ్లకు మించిన వేగముతో నడపెను. గాలి యెదురు నాటికిని నేటికిని ఒక్కటే. పెట్రోలైనను విద్యుత్తైనను దానికి భేదము లేదు.

మేలైన యంత్రము వృథాను తగ్గించును గాని కోరికలను తగ్గింపజాలదు. మోటారు మిగిల్చిన శక్తిని అనవసరమైన బరువునకును వేగమునకును ధారపోసినచో ఆ మిగులు మిగులు కాదు. ఎంత బలము నిజముగా కావలెనో తెలిసికొని, అంతమట్టునకే వాడుకొనువాడే ఆ లాభమును అనుభవింప గలడు. యంత్రములోని పొదుపునకు మనుజుని వివేకము తోడు కావలెను.