జన్మపాపము - దైవన్యాయము

క్రైస్తవమతమున దైవన్యాయమును గూర్చిన చర్చ తుదకు ఒక పసికందు నొద్దకు వచ్చి చేరుచున్నది. పుట్టి పదిదినములైనను నిండని శిశువు ఏ పాపమును చేసియుండదు. అయినను కతోలికులును, లూథరనులును వానికి పాపపరిహారార్థమై జ్ఞానస్నాన మిత్తురు. (తెలుగునాట పెక్కుమందియైన బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మ మీయరు.) చేయని పాపమునకు పరిహార మేల? ఆదాము చేసిన దోషమునకు వాని సంతతిని బాధ్యులను జేయు దేవుడు న్యాయవంతు డెట్లగును? ఎవరి కర్మఫలమును వారే యనుభవింతురను విశ్వాసమున పెరిగినవారికి ఈ ప్రశ్న మరింత తీవ్రముగా తోచును.

బైబిలునందే ఈ విషయమున రెండు స్వరములు వినవచ్చును. తండ్రుల దోషము మూడు నాలుగు తరములవరకు వెంటాడునని నిర్గమకాండము చెప్పుచున్నది. కుమారుడు తండ్రి దోషమును మోయనక్కరలేదని యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయమున ఖండితముగా పలికెను. పుట్టుగ్రుడ్డిని జూచి, పాపము చేసినది వీడా, వీని తల్లిదండ్రులా యని శిష్యు లడుగగా, యేసు రెండింటిని నిరాకరించినట్లు యోహాను సువార్తలో కలదు.

ఈ చిక్కును సిద్ధాంతముగా బిగించినవాడు ఉత్తరాఫ్రికా వాస్తవ్యుడగు అగుస్తీను (354-430). ఆయన యౌవనమున రమారమి తొమ్మిదేండ్లు మానీమతమున నుండెను. వెలుగు, చీకటి యను రెండు నిత్యతత్త్వములు కలవనియు, చెడుగు చీకటి పనియే యనియు ఆ మతము బోధించును. సమాధానము సులభమే, కాని దేవుని సర్వశక్తిత్వమును వదలుకొనుట దానికి మూల్యము. 387లో మిలాను నగరమున జ్ఞానస్నానము పొందిన అగుస్తీను వేరొక నిర్వచనమును జేసెను: చెడుగు ద్రవ్యము కాదు, మంచి కొరవడుటయే చెడుగు. పుండు మానినపుడు అది లేచి మరియొకచోటికి పోదు. ఆరోగ్యము తిరిగివచ్చినది, అంతియే. 13వ శతాబ్దమున థామస్ అక్వినాసు దీనిని మరింత స్పష్టపరచెను. రాతికి చూపు లేకుండుట దోషము కాదు, మనుష్యునకు లేకుండుట దోషము; ఉండవలసినది లేకపోవుటయే చెడుగు. అభావమును సైతము ఒక పదార్థముగా లెక్కించిన తార్కికులు దీనిని వేరొక రీతిని పరీక్షింతురు. అది వేరు సంగతి.

ఈ నిర్వచనమువలన సృష్టికర్తకు నింద తప్పినది. కాని లేమి తరతరములకు సంక్రమించుట యెట్లు? బ్రిటనునుండి రోమునకు వచ్చిన పెలేజియసు సంక్రమణమునే అంగీకరింపలేదు. ఆదాము దుర్మార్గదర్శకుడయ్యెనే కాని పాపమును వారసత్వముగా నీయలేదని ఆయన పక్షము. 415లో పాలస్తీనాయందలి దియోస్పొలిసు సభ ఆయనను నిర్దోషిగా విడిచెను. 418లో కార్తేజి సభ ఆ బోధను ఖండించెను.

వివాదమునకు కీలకము పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో 5వ అధ్యాయము, 12వ వచనము. మనుష్యులందరు పాపము చేసినందున మరణము వ్యాపించెనని అచ్చటి గ్రీకు మాటలకు నేటి పండితులలో పెక్కుమంది చెప్పు అర్థము. అగుస్తీను చదివిన లాటిను అనువాదమున నున్న మాటలకు, అందరును 'అతనియందు', అనగా ఆదామునందు, పాపము చేసిరనియు అర్థము వచ్చును. ఆయన ఆ అర్థమునే గ్రహించెను. ఒక్క చిన్నపదము ఇంత భారమును మోసిన సందర్భములు మతచరిత్రలో అరుదు. తెలుగు బైబిలు హేత్వర్థమునే గ్రహించినది.

418 తరువాత ఆ ఖండనమునకు సమ్మతింపక పదవి గోల్పోయిన ఇటలీ బిషప్పు జూలియను అగుస్తీనుకు సిసలైన ప్రత్యర్థి. శిశువులను పరుల పాపమునకు శిక్షించువాడు న్యాయవంతుడైన దేవుడు కాజాలడని ఆయన వాదము. అగుస్తీను ప్రత్యుత్తరము విచిత్రమైనది. దేవుడు న్యాయవంతుడే కదా. మరి ఏ దోషమును లేనిచో శిశువులు రోగములచేత ఏల బాధపడుచున్నారు? ఇరువురును దైవన్యాయమునుండియే బయలుదేరి ఎదురెదురు దిక్కులకు పోయిరి. జూలియనునకు వ్రాయుచున్న చివరి సమాధానము ముగియకమునుపే అగుస్తీను మరణించెను.

యాజ్ఞవల్క్యస్మృతి ఇచట స్ఫురింపక మానదు. తండ్రి ఋణమును కుమారుడు తీర్పవలయును; కాని జూదము, మద్యపానము వలని ఋణములును, రాజదండముగా మిగిలిన ధనమును వానికి చెందవు. (2005 చట్టసవరణతో, అటుపిమ్మట తండ్రి చేసిన అప్పులకు కుమారుని ధర్మబాధ్యతయే రద్దయినది.) ఆస్తి పోగొట్టినవాని కుమారుడు పేదవాడుగా పుట్టును, తండ్రికి పడిన జరిమానా మాత్రము వానికి సంక్రమింపదు. గ్రీకు సంప్రదాయపు క్రైస్తవులు సామాన్యముగా ఈ పక్షముననే నిలిచి, సంక్రమించునది మరణమును, బలహీనతయునే కాని అపరాధము కాదందురు.

పాశ్చాత్యసంఘము అగుస్తీనుమార్గమును విడువలేదు. 1546లో ట్రెంటు మహాసభ జన్మపాపమును సిద్ధాంతముగా స్థిరపరచెను. అయితే జ్ఞానస్నానము లేక మరణించిన శిశువులకు, స్వల్పమైనను, శిక్ష తప్పదన్న అగుస్తీను మాటను మధ్యయుగపండితులే సడలించి, వారికి బాధ లేని 'లింబో' యను స్థితిని కల్పించిరి. 1992 నాటి కతోలిక సత్యోపదేశగ్రంథము జన్మపాపము కృతము కాదనియు, ప్రాప్తించిన స్థితి యనియు, దానిని పాపమనుట ఔపమానికమే యనియు వివరించెను. ఆ శిశువుల రక్షణమును ఆశించుటకు తగిన కారణములు కలవని 2007లో రోములోని అంతర్జాతీయ వేదాంతసంఘము ప్రకటించినది; అవి నిశ్చయజ్ఞానమునకు గాక ఆశకు మాత్రమే ఆధారములని అందే చేర్చినది.