దూదేకు విల్లు, కథకుని తంబుర

పరుపులోని దూది గడ్డకట్టినప్పుడు దూదేకువారిని ఇంటికి పిలిపించుట మన గృహములలో పూర్వపు వాడుక. నిలువెత్తు విల్లు భుజమున వేసికొని వారు వచ్చెడివారు. నారిని కొయ్యతో కొట్టిన కొలదియు గంభీరమైన మ్రోత పుట్టును. గడ్డకట్టిన దూది పింజలుగా విడి మంచువలె ఎగురును. ఆ మ్రోత వినుటకే వీథిలోని పిల్లలు మూగెడివారు. ఏకుడు మరలు వచ్చిన పిమ్మట ఆ విల్లు మన వాకిళ్ళనుండి చాలవరకు మరుగైనది.

గుంటూరు సీమ నల్లరేగడిలో ప్రత్తి పండినంతకాలము ఈ పనివారికి గ్రామములందు చోటుండెను. వారినే దూదేకులవారనియు, పింజారులనియు అందురు. మతమున ముస్లిములైనను ఇంట మాటలాడునది తెలుగే. పండితులు వారిని లెక్కింపలేదు గాని సంగీతము మాత్రము లెక్కించినది. ఒంగోలు దాపుననున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు నాదస్వరమున దేశమంతట కీర్తి గాంచిరి. ఆయనకు నాలుగేండ్లు ముందు, 1920 ఫిబ్రవరి 5వ తేదీన, తాడికొండకు చేరువనున్న పొన్నెకల్లులో ఒక పింజారి కుటుంబమున షేక్ నాజరుగారు పుట్టిరి. ఈ నెల మేము చెప్పదలచినది ఆయన కథయు, ఆయన దళము నడచిన త్రోవయు.

పేదయింటి బాలునకు సంగీతము ఊరక అబ్బదు. నాజరుగారు బాల్యముననే నాటకములలో వేషములు కట్టిరి. నరసరావుపేటకు పోయి మురుగుళ్ళ సీతారామయ్యగారియొద్ద శాస్త్రీయముగా గానము నేర్చిరి. పిమ్మట ఆ విద్యను ఆయన సభామందిరములకు గొనిపోలేదు. వాకిట నిలిచి బిచ్చమెత్తువారి కళ యని జనులు చులకన చేయు కథాగానమునకు ధారపోసిరి.

బుర్రకథ మన పాఠకురాండ్రలో చూడనివారు అరుదు. నడుమ కథకుడు: తలపాగ, అంగరఖా, నడికట్టు, కాళ్ళకు గజ్జెలు, భుజమున తంబుర, వ్రేళ్ళకు అందెలు. ఇరుప్రక్కల వంతపాడువారిద్దరు, వారి చేతులలో గుమ్మెటలు. ఒకడు హాస్యము చెప్పి నవ్వించును. రెండవవాడు కథలోని సంగతిని నాటి లోకవ్యవహారమునకు ముడిపెట్టి పొడుచును. ‘తందాన’ యని వంత అందుకొనగనే కథకుడు ఊపిరి త్రిప్పుకొని మరల లంఘించును. మూడే గొంతులు, మూడు వాద్యములు, రాత్రి తెల్లవారువరకు వేలమంది శ్రోతలు! నేడు బుడాపెస్టు మొదలు బెంగుళూరు వరకు గిటారులు ధరించి గొంతెత్తి లోకమును ప్రశ్నించు యువకులను చూచినప్పుడెల్ల, ఈ పని మన పల్లెలకు క్రొత్తది కాదు గదా యని మాకు తోచుచుండును.

ఈ కళ పూర్వరూపము జంగముకథ. జంగము భర్త తంబుర మీటి కథ చెప్పగా భార్యయే గుమ్మెట వాయించుచు వంత పాడెడిది. చంకలో బిడ్డ యున్నను తాళము తప్పరాదు. ఊరివారు మాత్రము ‘జంగమాయన కథ’ యనియే చెప్పుకొనిరి గాని, ఆ యిల్లాలి చేతిని ఎవ్వరును మెచ్చుకొనినట్లు కానము. వంటింటి పని యెట్టిదో ఆమె వాద్యమును అట్టిదే యనుకొనిరి కాబోలు!

1943లో కాలము మారెను. ఆ యేట బొంబాయిలో భారత ప్రజా నాటక సంఘము వెలసినది. ఆంధ్రదేశమున డాక్టరు గరికపాటి రాజారావుగారు ప్రజానాట్యమండలికి నాయకులైరి. కమ్యూనిస్టు కార్యకర్తలు తమ మాట పల్లెలకు చేరవేయుటకు సాధనము వెదకుచు, చదువురానివారికిని తెలియు జంగముకథను చేపట్టిరి. నాజరుగారు ఆ దళములో చేరి కొలదికాలమునకే కథకులై నిలిచిరి. కర్ణాటక రాగములను, నాటకములోని అభినయమును ఆయన ఆ పాత వరుసలలో కలిపిరి. కథకుడు తంబుర పట్టుకొని ఒకచోట నిలువక, అడుగు వేసి, కన్నెఱ్ఱజేసి, కంట తడిపెట్టి, పాత్రలన్నియు తానే యగుట జనులు క్రొత్తగా చూచిరి.

అదే యేట బంగాళమున ఘోరమైన క్షామము వచ్చెను. బియ్యపు ధర పేదల కందనంత పెరిగి, సుమారు 30 లక్షలమంది ఆకలికిని, ఆకలి తెచ్చిన రోగములకును బలియైరని అంచనా. నాజరుగారు ‘బెంగాల్ కరువు’ బుర్రకథ రచించి ఊరూరను చెప్పిరి. ఎన్నడును చూడని కలకత్తా వీథులలోని తల్లుల దుఃఖము, పగలంతయు మిరపకాయలు కోసి చేతులు మండుచున్న స్త్రీలకు ఆ తంబుర తెలియజెప్పినది.

వినుటతో మన స్త్రీలు తృప్తిపడలేదు. కృష్ణకు ఆవలి యొడ్డున మోటూరు ఉదయంగారు స్త్రీలతోనే బుర్రకథ దళమును కూర్చిరి. ఆంధ్రదేశమున తొలి మహిళా దళము అదియే యందురు. గృహిణి గజ్జెకట్టి, తంబుర భుజమున వేసి, పరపురుషుల యెదుట వేదిక నెక్కుట ఆ దినములలో సామాన్యమైన తెగువ కాదు. గజ్జె యన్నంతనే వేలు చూపు లోకమది. జంగము ఇల్లాలు వాయించినప్పుడు కనబడని చేయి, చదువుకొన్న కుటుంబపు స్త్రీ వాయించినప్పుడు మాత్రము అందరికిని కనబడి తప్పుగా తోచుట వింత కాదా!

అదే మండలిలో పాటలు పాడి, నాటకములందు నటించిన కొండపల్లి కోటేశ్వరమ్మగారు (1918-2018) బాల్యవితంతువై పునర్వివాహము చేసికొన్న సాహసి. నిర్బంధ దినములలో బిడ్డలను తల్లియొద్ద విడిచి అజ్ఞాతవాసమునకు పోయిరి. పిమ్మట భర్తకు దూరమై, కాకినాడలో విద్యార్థినుల వసతిగృహమున ఉద్యోగము చేసి బ్రదికిరి. 2012లో ప్రకటితమైన ఆమె స్వీయచరిత్ర ‘నిర్జన వారధి’ని మేము ఒక్క రాత్రిలో చదివి, మరునాడు ఇంటిపనికి చేతులాడక కూర్చుంటిమి.

నాజరుగారి కథలలో మా కెక్కువ మక్కువైనది ‘పల్నాటి యుద్ధము’. అది మన నేలపై జరిగినది. కారెంపూడి, మాచెర్ల, గురజాల మనము చుట్టరికమునకు పోయివచ్చు ఊళ్ళు. 12వ శతాబ్దినాటి ఈ దాయాదుల పోరులో స్త్రీలకున్న పాత్ర చిన్నది కాదు. యుద్ధమునకు పోవు బాలచంద్రునకు సెలవిచ్చి పంపిన మాంచాల యున్నది. కన్నకొడుకును పంపిన ఐతాంబ యున్నది. నలగామరాజునకు మంత్రిణియై రాజ్యము నడపిన నాగమ్మ యున్నది. కథకులు సాధారణముగా బ్రహ్మనాయుని కెత్తిన హారతిలో నాగమ్మకు పొగయే మిగిల్చిరి. కోడిపందెము ఆమె కుట్ర యనుట వాడుక. పందెము కాచిన పురుషుల మాట తక్కువగా వినబడును. ఈ విషయమున మా ఫిర్యాదు నేటికిని తీరలేదు. అయినను, అన్ని కులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టిన చాపకూటి ఘట్టమును ఒక పింజారి బిడ్డ నోట విన్నవారికి, ఆ కథ వేయేండ్లనాటిదని తోచియుండదు.

1948 మొదలు మదరాసు ప్రభుత్వము కమ్యూనిస్టులను అణచుటకు పూనుకొనగా మండలి దళములు చెదరిపోయెను. కథ చెప్పిననే పూటగడచు కళాకారులకు ఆ నిర్బంధము ఇంటిపొయ్యికే తగిలినది. తరువాత రాజారావుగారు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రమును తీసిరి. 1954నాటి ‘అగ్గిరాముడు’లో నాజరుగారి దళము అల్లూరి సీతారామరాజు కథను చెప్పినది, పల్లెల కందని పట్టణవాసులకు తెరమీద ఆయన రూపము పరిచయమయ్యెను. బెజవాడ రేడియో 1948 డిసెంబరులో నెలకొన్నపిదప బుర్రకథ వంటిండ్లలోనికిని ప్రవేశించినది. రాత్రివేళ తిరునాళ్ళకు పోవుటకు అనుమతి లేని కోడండ్రు పప్పు ఎసటిలో వేయుచు బొబ్బిలి కోట కూలుట వినిరి. మరికొంత కాలమునకు ప్రభుత్వమువారే కుటుంబనియంత్రణ ప్రచారమునకు బుర్రకథ దళములను పిలువసాగిరి. ఒకనాడు పాలకులు అణచిన తంబుర అది!

నాజరుగారికి 1986లో పద్మశ్రీ పురస్కారము లభించెను. 1997 ఫిబ్రవరిలో ఆయన దివంగతులైరి. తన జీవితమును ఆయన చెప్పగా అంగడాల వేంకటరమణమూర్తిగారు వ్రాసిరి. బుర్రకథకు పితామహుడని లోకము పిలిచిన ఆయన గ్రంథమునకు ఆ బిరుదము పేరు కాలేదు. ఊరివారు ఒకప్పుడు ఎగతాళిగా పిలిచిన తన కులము పేరే, ‘పింజారి’ యనియే, అట్టమీద అచ్చయినది.