మీ మాట చెప్పేదెవరు?

ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి అని వీలునామా రాసుకునేవాళ్లు ఉంటారు. నోట మాట రాని రోజున తనకు ఎంతవరకు వైద్యం చేయాలి, ఆ సంగతి డాక్టర్లకు ఎవరు చెప్పాలి అన్నది రాసి పెట్టుకునేవాళ్లు అరుదు. అలా రాసుకునే హక్కు మనకు 2018 నుంచీ ఉంది.

ఐసీయూ తలుపు తెరుచుకుంటుంది. 'వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు. ఏమంటారు?' అని డాక్టర్ అడుగుతారు. డాలస్‌లో ఉన్న పెద్దకొడుకు ఫోన్‌లో 'ఎంత ఖర్చయినా సరే, పెట్టేయండి' అంటాడు. ఏడాదిగా దగ్గరుండి చూసుకుంటున్న కూతురు 'నాన్నని ఇంకా బాధ పెట్టొద్దు' అంటుంది. 'ఇప్పుడు వద్దంటే నలుగురూ ఏమనుకుంటారు?' అని బాబాయి నసుగుతాడు. అందరిదీ ప్రేమే. కానీ మంచం మీదున్న మనిషి ఏం కోరుకుంటారో మాత్రం ఎవరికీ తెలీదు. చావు మాట ఎత్తగానే 'ఆ అపశకునం మాటలెందుకు' అని నోరు మూయించే ఇళ్లే ఎక్కువ మరి!

బతికుండగానే అమలు

ఈ చిక్కు రాకుండా చూసేదే లివింగ్ విల్. ఆస్తుల వీలునామా మనిషి పోయాక అమల్లోకి వస్తుంది. ఇది మనిషి బతికుండగానే, తన ఇష్టాయిష్టాలు తాను చెప్పలేని స్థితిలో అమలవుతుంది. కోలుకునే ఆశ లేదని తేలితే ఏ చికిత్సలు వద్దు, తన తరఫున సమ్మతి తెలిపేది ఎవరు అన్నవి ఇందులో ఉంటాయి.

'మా అబ్బాయి పేరున జనరల్ పవరాఫ్ అటార్నీ ఉందిగా' అనుకుంటారు కొందరు. అది ఇక్కడ పనికిరాదు. రాసిచ్చిన వ్యక్తి మానసిక సామర్థ్యం కోల్పోతే భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ అధికారం రద్దయిపోతుంది. అంటే సరిగ్గా అవసరమైన వేళకే అది చెల్లదన్నమాట!

అరుణ కథ అడిగిన ప్రశ్న

రోగి తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న దేశం ముందుకు వచ్చింది అరుణా శాన్‌బాగ్ విషయంలో. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణపై 1973 నవంబరులో దాడి జరిగింది. మెదడు దెబ్బతిని ఆమె మంచానికే పరిమితమయ్యారు. ఆమెకు బలవంతంగా ఆహారం ఇవ్వడం ఆపాలంటూ పాత్రికేయురాలు పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆమెను కంటికి రెప్పలా చూసుకుంటున్న ఆసుపత్రి సిబ్బంది వద్దన్నారు. అరుణ తరఫున మాట్లాడాల్సింది ఆ సిబ్బందేనని 2011 మార్చిలో కోర్టు తేల్చింది. దాడి జరిగిన దాదాపు 42 ఏళ్లకు, 2015 మేలో, అరుణ కన్నుమూశారు. ఆమె ఏం కోరుకునేవారో చెప్పే చిన్న కాగితం కూడా ఎవరి దగ్గరా లేదు.

'కామన్ కాజ్' అనే స్వచ్ఛంద సంస్థ 2005లో వేసిన కేసులో 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనంటూ లివింగ్ విల్‌కు గుర్తింపునిచ్చింది. అప్పట్లో దానిపై జుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకం తప్పనిసరి. అది తలకు మించిన పని కావడంతో 2023 జనవరిలో కోర్టే నిబంధనల్ని సడలించింది. ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయిస్తే చాలు. 2024 మేలో గోవాలో తొలి లివింగ్ విల్‌ను నమోదు చేయించుకున్నది ఓ హైకోర్టు న్యాయమూర్తే... అప్పట్లో బాంబే హైకోర్టు గోవా ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎం.ఎస్.సోనక్.

పెద్దకొడుకే కానక్కర్లేదు

అసలైన కష్టం కాగితం రాయడంలో లేదు, మనిషిని ఎంచుకోవడంలో ఉంది. పెద్దకొడుకే ఉండాలన్న నియమమేమీ లేదు. కూతురు కావచ్చు, కోడలు కావచ్చు, చెల్లెలు కావచ్చు. మనమీద ఎక్కువ ప్రేమ ఉన్నవారికన్నా, ఏడుస్తూ అయినా మన మాట నిలబెట్టగలవారు ముఖ్యం. బంధువులు నాలుగు మాటలన్నా తట్టుకోవాలి. కబురందగానే ఆసుపత్రికి చేరుకోగలగాలి. భార్యాభర్తలు ఒకరి పేరు ఒకరు రాసుకున్నా, వయసు దృష్ట్యా మరొకరి పేరూ చేర్చడం మేలు. 2023 సడలింపు ప్రకారం ఒకరికి మించి పేర్లు రాయొచ్చు.

పేరు రాసేముందు వాళ్లను అడగాలి. 'నీ పేరు రాస్తున్నా. నీకు సమ్మతమేనా?' అని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాలి. అలా చెప్పకపోతే ఐసీయూ ముందు గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

ఆపడమంటే వదిలేయడం కాదు

కాగితం ఉంది కదా అని డాక్టర్లు వెంటనే వెంటిలేటర్ తీసేయరు. చికిత్స చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులతో కూడిన బోర్డు ముందు పరిశీలిస్తుంది. ఆ తర్వాత రెండో బోర్డు చూస్తుంది. వీలైనంతవరకు 48 గంటల్లో ఒక్కో బోర్డు తన అభిప్రాయం చెప్పాలి. రోగి పేర్కొన్న వ్యక్తి సమ్మతించాలి, నిర్ణయం అమలుకు ముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం ఇప్పటికీ నేరమే.

వైద్యం ఆపినా ఉపశమనం ఆగదు. నొప్పి, ఆయాసం తగ్గించే పాలియేటివ్ కేర్ చివరిదాకా అందాల్సిందే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, స్పర్శ్ హాస్పిస్ ఈ సేవలు అందిస్తున్నాయి.

ఇవి గుర్తుంచుకోండి

* పద్దెనిమిదేళ్లు నిండి, మానసికంగా ఆరోగ్యంగా ఉన్న ఎవరైనా రాయొచ్చు. ఒకరి బలవంతంతో రాయకూడదు.

* 'నన్ను ఇబ్బంది పెట్టొద్దు' అంటే సరిపోదు. వెంటిలేటర్, డయాలసిస్, గొట్టంతో ఆహారం... దేనికి, ఎలాంటి స్థితిలో వద్దో స్పష్టంగా రాయాలి. అస్పష్టంగా ఉంటే బోర్డులు అమలు చేయవు.

* ఎప్పుడైనా రాతపూర్వకంగా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఒకటికి మించి ఉంటే చివరగా సంతకం చేసిందే చెల్లుతుంది.

* పేర్కొన్న వ్యక్తులకు, ఫ్యామిలీ డాక్టరుకు ఒక్కో ప్రతి ఇవ్వాలి. మున్సిపాలిటీ లేదా పంచాయతీలో ఇందుకు నియమించిన అధికారికీ ఒకటి అందించాలి. బీరువాలో, నగల పెట్టె అడుగున దాస్తే ప్రయోజనం లేదు.

* అమెరికాలో పిల్లల దగ్గరుండే తల్లిదండ్రులు అక్కడి రాష్ట్రం ఫారం విడిగా నింపాలి. టెక్సస్‌లో 'మెడికల్ పవరాఫ్ అటార్నీ', న్యూయార్క్‌లో 'హెల్త్‌కేర్ ప్రాక్సీ' అంటారు.

ఆస్తుల వీలునామా లేకపోతే పిల్లలు కోర్టుకెళ్లి తేల్చుకోవచ్చు. ఇది లేకపోతే మాత్రం, తాము తీసుకున్న నిర్ణయం సరైందో కాదో తెలియక జీవితాంతం మథనపడతారు. ఆ బరువు వాళ్లమీద పెట్టకుండా ఉండటానికి ఓ ఆదివారం మధ్యాహ్నం చాలు!